యానాం పెళ్ళిళ్ళు: శారదా చట్టం, షరీఅత్

గోదావరి డెల్టాలో, గౌతమీ నది ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. విస్తీర్ణం ముప్ఫై చదరపు కిలోమీటర్లు మాత్రమే. చుట్టూ బ్రిటిషు ఇలాకా. ఈ చిన్న ఊరికి 'కల్యాణపురం' అనే మారుపేరు ఉంది. వినడానికి పేరు శుభప్రదంగానే ఉన్నా, దాని వెనుక ఉన్న చరిత్ర శుభప్రదమైనది కాదు. 1930 తరువాత బ్రిటిషు ఇలాకాలోని తెలుగు కుటుంబాలు చిన్న వయసు ఆడపిల్లలను యానాం తీసుకువచ్చి, అక్కడ పెళ్ళి జరిపించి, తిరిగి తమ ఊళ్ళకు వెళ్ళిపోయేవి. ఏటికి ఆ ఒడ్డున నేరమైన పని ఈ ఒడ్డున నేరం కాదు. పిల్ల మాత్రం ఒక్కటే, ఆమె వయసూ ఒక్కటే.

బాల్య వివాహాన్ని ఆచారమనీ, వెనుకబాటుతనమనీ చెప్పి ఊరుకోవడం అలవాటైపోయింది. అది స్త్రీపై జరిగే హింస అని చెప్పడానికి చాలామంది వెనుకాడతారు. 1890లో కలకత్తాలో ఫూల్మణి దాసి అనే పదకొండేళ్ళ బాలిక, తన కంటె ఇరవై ఏళ్ళకు పైగా పెద్దవాడైన భర్త వల్ల శోభనపు గదిలోనే రక్తస్రావమై చనిపోయింది. అతనికి పడిన శిక్ష ఒక్క సంవత్సరం. ఆ మరుసటి సంవత్సరం ప్రభుత్వం సమ్మతి వయసును పది నుండి పన్నెండుకు పెంచబోతే, అది మతంలో జోక్యమని దేశంలో పెద్ద అలజడి లేచింది. చనిపోయిన పిల్ల గురించి లేవని అలజడి అది.

తెలుగు దేశంలోనూ పరిస్థితి వేరుగా లేదు. విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని జరిపిన బ్రాహ్మణ వివాహాల పట్టికను విజయనగరం మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారు. గురజాడ అప్పారావు తమ 'కన్యాశుల్కం' పీఠికలో పేర్కొన్న లెక్క ప్రకారం మూడేళ్ళలో అటువంటివి 1,034 తేలాయి. వారిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. మహారాజా తెచ్చిన బిల్లు చట్టం కాలేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పెద్దలు వెలివేతకు పూనుకున్న సంగతి అందరికీ తెలిసినదే. వీరేశలింగం గారు ఎవరి కోసం పోరాడారో ఆ వితంతువులు ఎక్కడి నుండి వచ్చారు? ఐదేళ్ళకు, ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేయబడి, భర్త ముఖమైనా సరిగా ఎరుగకుండానే వారు వితంతువులైనారు. బాల్య వివాహం అనే కర్మాగారం నడుస్తున్నంత కాలం వితంతు వివాహోద్యమం ముందుకు సాగడం కష్టం.

పాటించనవసరం లేని చట్టం

1929 సెప్టెంబరులో కేంద్ర శాసనసభ బాల్య వివాహ నిరోధక చట్టాన్ని 67 – 14 ఓట్లతో ఆమోదించింది. దీనినే మనవారు శారదా చట్టమంటారు. శారద ఎవరో స్త్రీ అని చాలామంది అనుకుంటారు గాని, ఆ బిల్లు ప్రవేశపెట్టినది అజ్మీరుకు చెందిన హరబిలాస్ శారదా అనే పెద్దమనిషి. ఆడపిల్లకు 14, మగవానికి 18 సంవత్సరాలు కనీస వయసుగా నిర్ణయించారు. అమలు 1930 ఏప్రిల్ 1 నుండి. అంటే ఆరు నెలల గడువు. ఆ ఆరు నెలలలో దేశమంతటా పెళ్ళిళ్ళు వెల్లువెత్తాయి. 1921 జనాభా లెక్కలలో పదిహేనేళ్ళలోపు వివాహిత బాలికలు సుమారు 85 లక్షలు. 1931 లెక్కలలో ఆ సంఖ్య 1 కోటి 20 లక్షలు దాటింది. బాలికలను కాపాడడానికి చేసిన చట్టం, అమలులోకి రాకముందే లక్షలాది బాలికలను పెళ్ళిపీటల మీదికి తరిమింది.

అమలులోకి వచ్చాక ఏమైంది? చట్టం లోపలి ఏర్పాటు చూస్తే అది ఎవరినీ బాధించకుండా జాగ్రత్త పడి తయారు చేసినట్లు కనిపిస్తుంది. గరిష్ఠ శిక్ష ఒక నెల సాధారణ కారాగారం, వెయ్యి రూపాయల జరిమానా. పోలీసులు తమంతట తాము కేసు పెట్టడానికి వీలు లేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసిన వానిని నూరు రూపాయల దాకా పూచీకత్తు రాసి ఇమ్మని కోర్టు అడగవచ్చు. పెళ్ళి జరిగి ఏడాది దాటితే ఫిర్యాదు చెల్లదు. ప్రెసిడెన్సీ నగరాల బయట జిల్లా మేజిస్ట్రేటు తప్ప మరే న్యాయస్థానమూ ఆ కేసును విచారించరాదు. అన్నిటికీ మించి, ఇన్నీ జరిగి నేరం రుజువైనా పెళ్ళి మాత్రం చెల్లుతుంది.

దీని అర్థమేమిటో కోనసీమ వారికి చెప్పనవసరం లేదు. ముమ్మిడివరం ప్రాంతంలో ఒక పల్లెటూరివాడు పొరుగింటి ఎనిమిదేళ్ళ పిల్ల పెళ్ళి ఆపదలచుకున్నాడనుకుందాం. జిల్లా మేజిస్ట్రేటు కాకినాడలో ఉంటాడు. ఎదుర్లంక రేవులో పడవ ఎక్కి గౌతమి దాటాలి. దాటి దిగే ఊరు యానాం. ఫిర్యాదు చేయబోయేవాడూ పెళ్ళివారూ ఒకే రేవు దాటాలి. అతడు ఇంకా ముప్ఫై కిలోమీటర్లు పోవాలి. వారు అక్కడే దిగిపోతారు. అతని చేతిలో నూరు రూపాయల పూచీకత్తు బెడద, వారి చేతిలో ముహూర్త పత్రిక!

ముగ్గురు దొరల ముచ్చట

యానాంలో ఇది ఎలా సాధ్యమైంది? ఫ్రెంచి ఇండియాలో 1819 జనవరి 6 నాటి శాసనం ఒకటి ఉండేది. హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు వారి వారి కులమతాచారాల ప్రకారమే తీర్పులు చెప్పాలని అది నిర్దేశించింది. ఆ హామీ చాటున బాల్య వివాహానికి అడ్డు లేకుండా పోయింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఫ్రాన్సు దేశంలో 1804 నాటి పౌరస్మృతి ప్రకారం ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండనిదే వివాహం లేదు. శారదా చట్టం పెట్టిన హద్దు కంటె అది ఒక ఏడాది ఎక్కువ. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని కచేరీ గోడ మీద రాసుకున్న ప్రభుత్వం తన దేశంలోని పిల్లకు ఒక కొలత, యానాంలోని తెలుగు పిల్లకు మరో కొలత ఉంచింది. దానికి ఆచారాల పట్ల గౌరవమని పేరు పెట్టింది.

ఆంగ్లేయుల సంగతి ఇంతకంటె మెరుగు కాదు. భారతీయుల బాల్య వివాహాలను ఏవగించుకుంటూ 1927లో అమెరికా రచయిత్రి కేథరిన్ మేయో రాసిన పుస్తకాన్ని ఇంగ్లండులో ఆసక్తిగా చదివారు. స్వరాజ్యానికి ఈ దేశం తగదనడానికి దానిని సాక్ష్యంగా వాడుకున్నారు. అప్పటికి ఇంగ్లండులోనే చట్టప్రకారం ఆడపిల్ల వివాహ వయసు పన్నెండేళ్ళు! దానిని పదహారుకు పెంచినది 1929లో, అంటే శారదా చట్టం వచ్చిన సంవత్సరమే. ఆచరణలో అక్కడ అటువంటి పెళ్ళిళ్ళు అరుదు కావచ్చు. కాని ఇతరుల గ్రంథాలను విప్పి చూపేవారు తమ చట్టం పుట కూడా చూసుకోవాలి గదా. పైగా 1930 మార్చిలో ఉప్పు సత్యాగ్రహం మొదలవడంతో, మతపెద్దలను దూరం చేసుకోవడం ఇష్టం లేని ప్రభుత్వానికి శారదా చట్టం బరువుగా తోచింది. తానే సమర్థించి చేయించిన చట్టాన్ని తానే మూలకు నెట్టింది.

ఇక స్వదేశీయులు. మద్రాసు నుండి కేంద్ర శాసనసభకు వెళ్ళిన ఎం.కె. ఆచార్య వంటి సనాతన పక్షం వారి ప్రధాన వాదం, పరాయి ప్రభుత్వానికి మన ధర్మంలో జోక్యం చేసుకునే అధికారం లేదని. వాదం వినసొంపుగా ఉంది. మరి ఆ ధర్మాన్ని నిలుపుకోవడానికి డెల్టా వారు ఆశ్రయించినది ఎవరిని? మరో పరాయి ప్రభుత్వాన్ని. ఒక తెల్లదొర చట్టం నుండి తప్పించుకోవడానికి ఇంకొక తెల్లదొర జెండా నీడన మంగళసూత్రం కట్టించారు. స్వధర్మమనే మాట ఎంత సులభంగా వంగుతుందో యానాం రేవు చూసింది. అందరూ అలాంటివారని అనరాదు. బిల్లుకు ఓటు వేసిన 67 మందిలో హిందువులే ఎక్కువ. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఈ విషయమై గట్టిగా పోరాడారు.

ముస్లింలు ఏ పక్షాన నిలిచారు?

ఇంతవరకు చదివిన పాఠకుడు ఇది ఇతరుల ఇంటి గొడవ అనుకోవచ్చు. కాదు. ముస్లింలను ఈ చట్టం నుండి మినహాయించాలని ఆనాడు గట్టిగా కోరినవారిలో జమీయతుల్ ఉలమాయె హింద్ ఉంది. మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ వంటి త్యాగధనుడు ఉన్నారు. శాసనసభలో ముహమ్మద్ అలీ జిన్నా బిల్లును సమర్థించి మాట్లాడారు. అఖిల భారత మహిళా సభకు చెందిన బేగం షరీఫా హామిద్ అలీ వంటి ముస్లిం స్త్రీలు చట్టం కావాలని ప్రచారం చేశారు. కాని సముదాయం పేరిట వినిపించిన బిగ్గర గొంతు మాత్రం 'షరీఅత్ ప్రమాదంలో ఉంది' అన్నదే.

వారి వాదాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. నాలుగు మజ్హబ్‌ల అధిక సంఖ్యాక ఫుఖహా మైనరు బాలికకు తండ్రి చేసే నికాహ్ చెల్లుతుందని చెప్పారు. కనుక దానిని నేరమనే అధికారం శాసనసభకు లేదు. పైగా ఆ శాసనసభ ముస్లింలది కాదు. ఒకసారి తలుపు తెరిస్తే రేపు తలాఖ్, ఎల్లుండి వారసత్వం, ఆ తరువాత మరొకటి. ఈ భయం కల్పితం కాదు. అల్పసంఖ్యాకులుగా బతికేవారికి అది తెలుసు.

అయినా ఈ వాదం మూడు చోట్ల తడబడింది.

ఫుఖహా చెల్లుతుందన్నారు, చేయమనలేదు. అది ఫర్జ్ కాదు, వాజిబ్ కాదు, ముస్తహబ్ కూడా కాదు. మహా అయితే ముబాహ్. ముబాహ్ అయిన పనిని ప్రజల మేలు కోరి పాలకుడు కట్టడి చేయవచ్చునన్నది ఉసూల్ తెలిసినవారికి కొత్త విషయం కాదు. అధిక సంఖ్యాకుల అభిప్రాయమే ఏకైక అభిప్రాయమూ కాదు. ఇమామ్ అబూ హనీఫాకు సమకాలికుడైన కూఫా ఖాజీ ఇబ్ను షుబ్రుమా, అబూ బక్ర్ అల్ అసమ్మ్ మైనర్ల నికాహ్‌ను అసలు అంగీకరించలేదు. అన్నిసా సూరా ఆరవ ఆయత్ అనాథల గురించి చెబుతూ నికాహ్ వయసును ఒక హద్దుగా పేర్కొంటుంది. పుట్టిన మరునాడే నికాహ్ చేయవచ్చునంటే ఆ హద్దుకు అర్థమేముంటుందన్నది వారి తర్కం. మైనరు మీద వలీకి అధికారం ఇచ్చినది ఆ బిడ్డ అవసరం కోసం. యౌవనం రాని పిల్లకు నికాహ్ అవసరం లేదు గనుక ఆ అధికారమూ లేదు.

రెండవది ఇంకా బాధాకరమైనది. 1917లో ఇస్తాంబూలులో, సుల్తాన్ ఖలీఫా గద్దె మీద ఉండగా, ఉస్మానియా ప్రభుత్వం ఒక కుటుంబ చట్టం చేసింది. పురుషునికి 18, స్త్రీకి 17 సంవత్సరాలను వివాహ వయసుగా అది నిర్ణయించింది. అంతకు లోపువారికి ఖాజీ అనుమతి కావాలి. తొమ్మిదేళ్ళ లోపు బాలికకు, పన్నెండేళ్ళ లోపు బాలునికి ఎవరూ నికాహ్ చేయరాదు. ఆధారంగా చూపినది పైన చెప్పిన ఇబ్ను షుబ్రుమా, అల్ అసమ్మ్‌ల అభిప్రాయమే. ఆ చట్టం ఇస్తాంబూలులో 1919లో రద్దయినా సిరియా, లెబనాన్, పాలస్తీనా ప్రాంతాలలో నిలిచింది. ఈజిప్టు 1923లో ఆడపిల్లకు 16, మగపిల్లవానికి 18 అని శాసించింది. భారతదేశంలో 1919 నుండి 1924 దాకా ఖిలాఫత్ కోసం జైళ్ళు నింపిన ఉద్యమానికి మౌలానా ముహమ్మద్ అలీ ప్రాణం వంటివారు. ఏ ఖిలాఫత్ కోసం ఆయన సర్వస్వం ధారపోశారో, ఆ ఖిలాఫతే షరీఅత్ ఆధారంతో పన్నెండేళ్ళ క్రితం చేసిన పనిని, ఢిల్లీ శాసనసభ అంతకంటె తక్కువ వయసుతో చేయబోతే షరీఅత్‌కు భంగమన్నారు. మౌలానా నిజాయితీని శంకించనవసరం లేదు. ఆయన భయం తెల్లవాని చేతిలో ఉన్న కలాన్ని గురించి. కాని ఆ రాజకీయ భయాన్ని రాజకీయ భయమని చెప్పకుండా దానికి దీన్ అని పేరు పెట్టారు. తప్పు జరిగినది అక్కడ.

మూడవది తరువాతి పదేళ్ళలో బయటపడింది. ఏ శాసనసభకు షరీఅత్ విషయంలో అధికారం లేదన్నారో, ఆ శాసనసభ చేతనే 1937లో షరీఅత్ అన్వయ చట్టం చేయించుకున్నారు. 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టం చేయించుకున్నారు. రెండూ మంచి పనులే. కాని 1937 చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించారు. ఆచారం పేరిట కూతుళ్ళకు భూమిలో వాటా ఎగ్గొట్టే వాడుక దానితో నిలిచిపోయింది. వరి మాగాణి తప్ప వేరే ఆస్తి లేని డెల్టా కుటుంబాలలో భూమి తీసివేస్తే కూతురికి మిగిలే షరీఅత్ ఎంత? ఆ లోటును మద్రాసు రాష్ట్రం 1949లో సవరించింది. కూతురి పెళ్ళి విషయంలో తండ్రి అధికారానికి షరీఅత్ కావాలి, కూతురి వాటా విషయంలో వద్దు. దీనిని ఏమనాలో పాఠకులే చెప్పుకోవచ్చు.

పిల్లను ఎవరు అడిగారు?

ఇరుపక్షాల వాదాలలోనూ ఒక మనిషి కనిపించదు. ఆమె పెళ్ళికూతురు. ధర్మం గురించి, జాతి గౌరవం గురించి, రాజ్యాధికారం గురించి మాట్లాడారు. నీ ఇష్టమేమిటని ఆమెను అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లను అడిగి ప్రయోజనమేమిటంటారా? అడగడానికి వీలులేని వయసులో పెళ్ళి చేయడమే గదా అసలు చిక్కు.

ఖన్‌సా బిన్తె ఖిదామ్ (రజి) లోగడ వివాహమైన స్త్రీ. ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి నికాహ్ చేశాడు. ఆమె దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి చెప్పుకోగా ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో ఒక కన్య అదే ఫిర్యాదుతో వస్తే, ఉండడమో విడిపోవడమో ఆమె ఇష్టానికే వదిలారు. మరొక ఉల్లేఖనంలో తండ్రి తన హోదా పెంచుకోవడానికి నన్ను తన అన్న కొడుకుకు ఇచ్చాడని ఒక యువతి చెప్పింది. అధికారం ఆమె చేతికి వచ్చాక, తండ్రి చేసిన దానికి సమ్మతిస్తున్నాననీ, ఈ విషయంలో తండ్రులకు బలవంతపు అధికారం లేదని స్త్రీలకు తెలియాలని వచ్చాననీ చెప్పింది. మెజారిటీ ఫత్వాలను కంఠస్థం చేసినవారు ఈ ఉల్లేఖనాలను ఎరుగనివారు కారు. మింబరు మీద వీటిని ఎన్నిసార్లు వినిపించారన్నది వేరే ప్రశ్న. మహర్ కాగితం మీద రాసి, జోడే కీ రఖమ్ చేతిలో పుచ్చుకునే మన పెళ్ళిళ్ళలో, వకీలు లోపలికి వెళ్ళి 'ఒప్పుకుంది' అని బయటికి వచ్చే ఆ అర నిమిషమే పిల్ల మాటకు దక్కే సమయం.

ఉలమా అందరూ గట్టున కూర్చున్నారని కూడా అనరాదు. భర్త హింస నుండి విముక్తి దొరకక, మతం మారినట్లు ప్రకటిస్తే నికాహ్ తెగిపోతుందని కొందరు ముస్లిం స్త్రీలు ఆ దారి పట్టారు. అది చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ చలించి, మాలికీ ఫిఖహ్ ఆధారంగా విడుదల మార్గాలను సూచిస్తూ 'అల్ హీలతున్ నాజిజా' రాశారు. 1939 చట్టానికి బలం అక్కడి నుండి వచ్చింది. ఆ చట్టంలోనే ఖియారుల్ బులూగ్ ఉంది. హనఫీ గ్రంథాల ప్రకారం తండ్రి గాని తాత గాని చేసిన పెళ్ళిని యౌవనం వచ్చాక తిరస్కరించే హక్కు పిల్లకు సాధారణంగా లేదు. 1939 చట్టం తండ్రి చేసిన పెళ్ళికి కూడా ఆ హక్కు ఇచ్చింది. పదిహేనేళ్ళు నిండకముందు నికాహ్ జరిగి, కాపురం జరగకపోతే, పద్దెనిమిది నిండకముందు ఆమె దానిని తిరస్కరించవచ్చు. శారదా చట్టం ఎన్నడూ చేయలేని పని ఇది. ఆ చట్టం తండ్రికి జరిమానా వేసి పిల్లను ఆ పెళ్ళిలోనే వదిలేసింది.

ఆ తరువాత

1938 సవరణలతో శారదా చట్టాన్ని విదేశీ ఇలాకాలలో పెళ్ళి చేసుకునే బ్రిటిషు ప్రజలకూ వర్తింపజేశారు. కోర్టు ముందుగానే పెళ్ళిని ఆపే అధికారమూ వచ్చింది. యానాం 1954లో భారతదేశంలో కలిసింది. ఆడపిల్ల వయసును 1949లో 15కు, 1978లో 18కి పెంచారు. 2006లో పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. రేవు పోయింది గాని ప్రయాణం ఆగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళి అయింది. దేశపు సగటు 23.3. ఇప్పుడు ఎవరూ ఏరు దాటడం లేదు. గుడిలోనో ఇంటిలోనో జరిపి, ఆధారుకార్డులో వయసు చూసుకుంటున్నారు.

రాజకీయమూ మారలేదు. 2023 ఫిబ్రవరిలో అస్సాంలో బాల్య వివాహాల పేరిట మూడు వేలమందికి పైగా అరెస్టయినప్పుడు భర్తలు జైలుకు వెళ్ళారు, చిన్న వయసు భార్యలు బిడ్డలతో పోలీసు స్టేషన్ల ముందు ఏడ్చారు. దానిని ముస్లింలను అదుపు చేసిన విజయంగా ఒక పక్షం చూపింది. ముస్లింలపై దాడిగా మరో పక్షం చూపింది. ఆ భార్యలు ఏమి తింటారన్నది ఇరువురికీ అక్కర లేకపోయింది. వ్యక్తిగత చట్టం పైదా, 2006 చట్టం పైదా అనే ప్రశ్నను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చకుండా వదిలింది.

ఆ వివాదం తేలేలోగా, ఇప్పటికే అటువంటి పెళ్ళిలో ఉన్న పిల్లకు ఉన్న దారులు తెలుసుకోవడం అవసరం. 1939 చట్టం ఇచ్చిన గడువు పద్దెనిమిది నిండేలోగా. 2006 చట్టం మూడవ సెక్షను ప్రకారం, మైనరుగా ఉండగా పెళ్ళి అయినవారు జిల్లా కోర్టులో ఆ పెళ్ళిని రద్దు చేయమని కోరవచ్చు. మేజరైన తరువాత రెండేళ్ళ దాకా, అంటే ఆడపిల్లకు ఇరవై నిండేదాకా గడువు ఉంది. నాలుగవ సెక్షను ప్రకారం ఆమె తిరిగి వివాహం చేసుకునేదాకా మనోవర్తి, నివాసం కోరవచ్చు. పిల్ల ఇంకా మైనరే అయితే గార్డియను గాని, సన్నిహితులు గాని బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి దరఖాస్తు చేయవచ్చు. పదవ సెక్షను పెళ్ళి జరిపించిన వారికి రెండేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. అందులో పురోహితునికీ ఖాజీకీ తేడా లేదు.